పదిహేనో కర్ర

ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో చలపతి గురించి తెలియని తెలుగువాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలో ఆయన వెనకాల నవ్వనివాళ్లు ఇంకా తక్కువ.

ఆయనది ఒంగోలు. పెర్త్‌లో లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. ఇనుప తాడు అరిగిందని ఒకసారి ఒక ఆఫీసు లిఫ్టు ఆపేయించి, అక్కడే పనిచేసే మనవాళ్లందరి చేతా వారం రోజులు మెట్లెక్కించాడు. ఎవరు బతిమాలినా వినలేదు. అంతకన్నా ఎక్కువగా చెప్పుకునేది మాత్రం కొడుకు కార్తికేయ కప్పు పోగొట్టుకున్న సంగతి.

అప్పటికి కార్తికేయకు పన్నెండేళ్లు. పిల్లల గోల్ఫ్ పోటీలో అందరికంటే ముందున్నాడు. చివర్లో గడ్డిలో పడ్డ బంతి వెనక కర్ర ఆనించగానే బంతి కొంచెం కదిలింది. అలా కదిపితే ఒక దెబ్బ అదనంగా లెక్క వేసుకోవాలి; తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. గోల్ఫ్‌లో క్రికెట్లోలా ప్రతి బంతికీ పక్కన అంపైర్ ఉండడు. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. బంతి కదలడం చూసింది తండ్రి ఒక్కడే. ఆట అయ్యాక కొడుకు దగ్గరికి వెళ్లి "చెప్పు" అన్నాడు. పిల్లవాడు ఏడుస్తూ వెళ్లి చెప్పాడు. కప్పు ఇంకొకడి ఇంటికి పోయింది.

తెలుగు సంఘం అధ్యక్షుడు శివప్రసాద్, పెరట్లో మాంసం కాల్చుకు తినే ప్రతి బార్బీ విందులోనూ దీన్ని తలచుకునేవాడు.

"చలపతి గారింట్లో దొంగ పడితే పోలీసులకి ఫోన్ చేసేది దొంగేనండీ. ఈయన నీతిబోధ భరించలేక."

చలపతి కూడా నవ్వేవాడు. ఆ నవ్వులో కొంచెం గర్వం ఉండేది. మంచివాడినని నలుగురూ వెక్కిరిస్తుంటే లోపల హాయిగా ఉంటుంది. ఆ హాయికి కూడా మనిషి అలవాటు పడతాడు.

పెద్దయ్యాక కార్తికేయ యూనివర్సిటీ చదువు మధ్యలో ఆపేసి, గోల్ఫే తన వృత్తి అన్నాడు. ప్రొఫెషనల్ పోటీల్లో ఆడాలంటే టూర్ కార్డు కావాలి. దానికి ఏటా నాలుగు రోజుల అర్హత పోటీ ఒకటి జరుగుతుంది. పైన నిలిచిన కొద్దిమందికే కార్డు. రెండేళ్లు వరసగా తప్పాడు. మూడోసారి రాకపోతే గోల్ఫ్ వదిలేసి మళ్లీ చదువుకుంటానని తల్లికి మాటిచ్చాడు. బ్యాగు మోసే క్యాడీ మొదటినుంచీ తండ్రే.

ఆ మూడో ఏడు పోటీలో చివరి రోజు ఆటకు ముందురోజు ఆయుధపూజ వచ్చింది. కార్తికేయ తల్లి కనకదుర్గ కారుకీ, కుక్కరుకీ, లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టి, గోల్ఫ్ బ్యాగు పూజగదిలోకి తెప్పించింది. కర్రలన్నీ చాప మీద వరసగా పరిచి కుంకుమ పెట్టింది. అల్మారాలోంచి కొడుకు చిన్నప్పటి పొట్టి పట్టర్ కూడా తెచ్చి వాటి పక్కనే పెట్టింది. పట్టరంటే బంతిని గుంతలోకి దొర్లించే కర్ర. హారతి అయ్యాక అన్నిటినీ తుడిచి బ్యాగులో సర్దింది. అడుగున పడిన పొట్టిదాన్ని మాత్రం తుడవడం మరిచిపోయింది.

బ్యాగులో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదని నియమం. పదిహేనోది వాడకపోయినా తప్పే. రెండు గుంతలు దాటాక బయటపడితే ఆ రోజు లెక్కకు నాలుగు దెబ్బలు కలుస్తాయి. అందుకే చలపతి ప్రతి ఉదయం ఆట మొదలయ్యే చోట కర్రలను తాకుతూ పైకి లెక్కపెట్టేవాడు. ఆ ఉదయం లెక్కపెట్టలేదు. శివప్రసాద్ పదిమందిని వెంటేసుకుని ఫొటోలకు వచ్చాడు. ఇన్నాళ్లూ నవ్విన వాళ్లే భుజం మీద చేతులేసి "మన కుర్రాడు" అంటున్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని పక్కన నిలబెట్టుకున్నారు. ఈలోగా కార్తికేయ పేరు పిలిచేశారు.

ఏడో గుంత అయ్యాక తుంపర మొదలైంది. తువ్వాలు కోసం బ్యాగులో చెయ్యి పెడితే పొట్టి పట్టర్ తగిలింది. కర్ర తలమీద కుంకుమ బొట్టు అలాగే ఉంది.

కార్తికేయ ముందు నడుస్తున్నాడు. అప్పటికి కార్డు దక్కే గీత కంటే రెండు దెబ్బలు మెరుగ్గా ఉన్నాడు. నాలుగు కలిస్తే గీత కిందికి పడతాడు, మళ్లీ లేవడం కష్టం. చలపతి ఎనిమిదో గుంత మొదట్లో ఉన్న ఎర్ర పూల బాటిల్‌బ్రష్ పొద దగ్గర నీళ్లు తాగుతున్నట్టు వంగి, దాన్ని పొద అడుగుకు తోసేశాడు. కనకదుర్గకి తెలిస్తే జీవితాంతం తన బొట్టునే తిట్టుకుంటుందని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. అది తర్వాత దొరికిన కారణం. అప్పుడు మాత్రం ముందు చెయ్యి కదిలింది.

కార్తికేయ ఆ రెండు దెబ్బల తేడాతోనే కార్డు తెచ్చుకున్నాడు.

సాయంత్రం ఇంటినిండా జనం. పెరట్లో పొయ్యి మీద చికెన్ కాలుతోంది. శివప్రసాద్ మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. కనకదుర్గ పూజగదిలోంచి బయటికి వచ్చింది.

"ఏమండీ, పొట్టి కర్ర ఏది? దేవుడి దగ్గర పెడదామంటే కనపళ్లేదు."

"అల్మారాలో చూడు" అన్నాడు చలపతి.

"అల్మారాలో ఎందుకుంటది? పూజైనాక నేనే బ్యాగులో పెట్టా గదా."

శివప్రసాద్ నవ్వాడు. "అమ్మవారి మహత్యం అంటే అదేనమ్మా. ఆ కర్రే గెలిపించింది మనవాణ్ణి."

అందరూ నవ్వారు. కార్తికేయ చేతిలో ప్లేటు కింద పెట్టి గ్యారేజీలోకి వెళ్లాడు. కాసేపటికి చలపతి కూడా వెళ్లాడు. కొడుకు ఖాళీ బ్యాగు ముందు నిలబడి ఉన్నాడు. కర్రలన్నీ నేలమీద ఉన్నాయి.

"డాడ్, వాజ్ ఇట్ ఇన్ ద బ్యాగ్?"

"ఏదిరా?"

"డోంట్ డూ దట్. ప్లీజ్."

కార్తికేయ ఫోన్ తీసి పోటీ రెఫరీకి చేశాడు. స్పీకర్ పెట్టి జరిగింది చెప్పాడు: అమ్మ బ్యాగులో ఇంకో కర్ర పెట్టింది, నాకిప్పుడే తెలిసింది. అవతలి మనిషి ఓపికగా విన్నాడు. పోటీ ముగిసిపోయిందనీ, తెలియక జరిగి ఉంటే ఫలితం మారదనీ అన్నాడు. తెలిసి దాచి ఉంటే మాత్రం వేరే సంగతి. ఆటగాడు దాచినా క్యాడీ దాచినా ఒకటే, కార్డు ఉండదు.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

"నో."

"నీ క్యాడీకి?"

కార్తికేయ ఫోన్ తండ్రి ముందుకు చాచాడు. గోడ అవతల కనకదుర్గ ఎవరికో లడ్డూ తినమని బలవంతం చేస్తోంది.

"నో" అన్నాడు చలపతి. "నాకూ తెలియదు. ఇప్పుడే విన్నాను."

రెఫరీ ఫోన్ చేసినందుకు మెచ్చుకున్నాడు. ఇంత నిజాయితీగల కుర్రాళ్లు ఈ రోజుల్లో అరుదన్నాడు. కార్తికేయ థాంక్యూ అని పెట్టేశాడు. తండ్రి చెప్పింది అబద్ధమని అప్పుడే చెప్పగలిగేవాడు. చెప్పలేదు. వంగి నేలమీది కర్రలు ఒక్కొక్కటే బ్యాగులో పెట్టడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొట్టి పట్టర్ పూజగదిలో కనిపించింది. బొట్టు తడిసి చెదిరి ఉంది. సందులో ఎండిన ఎర్ర పూరేకు ఇరుక్కుంది. ఎనిమిదో గుంత దగ్గర చలపతి నీళ్లకు వంగి వెనకబడటం కొడుకుకి గుర్తొచ్చినట్టుంది.

"ఎక్కడ దొరికిందిరా?" అంది కనకదుర్గ సంతోషంగా.

"కార్లో" అన్నాడు కార్తికేయ. తండ్రి వైపు చూడలేదు. ఆ ఇంట్లో వాడు చెప్పగా చలపతి విన్న మొదటి అబద్ధం అది.

కథల్లో ఇలాంటివాడు ఒక రాత్రి కుమిలి తెల్లారేసరికి నిజం చెప్పేస్తాడు. చలపతి ఎప్పటిలాగే పనికి వెళ్లాడు. లిఫ్టుల తాళ్లు చూసి సంతకాలు పెట్టాడు. బార్బీల్లో శివప్రసాద్ కొత్త కథ ఎత్తుకున్నాడు: గెలిచాక కూడా రెఫరీకి ఫోన్ చేసిన కుర్రాడు, వాణ్ణలా పెంచిన తండ్రి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. చలపతి తిండి దగ్గర పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేవాడు.

కార్తికేయ కొత్త క్యాడీని పెట్టుకున్నాడు. "యూ షుడ్ రెస్ట్, డాడ్" అన్నాడు, అంతే.

మరుసటి వేసవిలో ఊరికి దగ్గరలో ఒక పోటీ జరిగింది. కనకదుర్గ బలవంతం మీద చలపతి వెళ్లి, ప్రేక్షకుల కోసం కట్టిన తాడు బయట జనంతోపాటు నిలబడ్డాడు. కార్తికేయ పైవరసలో ఉన్నాడు. బంతి పక్కకు పోయి పొడుగు గడ్డిలో పడింది, తాడుకు దగ్గరలోనే. క్యాడీ జెండా వైపు చూస్తూ దూరం అంచనా వేస్తున్నాడు. కార్తికేయ బంతి వెనక కర్ర ఆనించాడు. ఆగాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు. తల ఎత్తి చుట్టూ చూశాడు. ఆ చూపు తండ్రి మీదికి వచ్చి కాసేపు నిలిచింది.

బంతి కదిలిందో లేదో చలపతికి తెలియలేదు. పన్నెండేళ్ల పిల్లవాడైతే తను పట్టి చూసేవాడు, వాడితో చెప్పించేవాడు. ఇప్పుడు ఏ మొహంతో అడగాలి?

"ఆగాడేంటండీ?" అంది కనకదుర్గ.

"గాలి చూసుకుంటున్నాడులే" అన్నాడు చలపతి.

కార్తికేయ ముందుకు వచ్చి కొట్టాడు. బంతి జెండా పక్కన పడింది. జనం చప్పట్లు కొట్టారు. కనకదుర్గ మోచేత్తో పొడిస్తే చలపతి కూడా కొట్టాడు.