పెట్టె మీద రెండో టేపు

ఆఁ, ఎక్కడ ఆపాను? ఓరిన్ ఫెటర్‌హాఫ్ క్లబ్బు తాళాలు బల్ల మీద పడేసి వెళ్లిపోయాడన్నాను కదా, అక్కడ. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది. వరస తప్పితే మీరే సర్దుకోండి.

ఓరిన్ తెలియని ఇల్లు మా లైమాలో లేదు. ముప్పై నాలుగేళ్లు నీళ్ల మీటర్లు చూశాడు. ఒహాయో చలికి మీటర్లన్నీ ఇళ్ల కింది గదుల్లోనే ఉంటాయి. పగలు ఇళ్లల్లో మనుషులుండరు. అందుకని సగం ఊరు తమ ఇంటి తాళంచెవి అతని చేతికిచ్చింది. ఫలానా ఇంట్లో చెంచా పోయిందన్న మాట ఏనాడూ రాలేదు.

రిటైరయ్యాక మా నాణేల క్లబ్బులో ఒక చాకిరీ నెత్తికెత్తుకున్నాడు. టంకశాల కొత్త నాణెం వదిలినప్పుడల్లా మా పధ్నాలుగు మంది కొన్నవన్నీ పోగుచేసి గ్రేడింగ్ కంపెనీకి పంపడం. ఫారాలు ముందు పెన్సిల్‌తో రాసి, సరిచూసి, ఆ తర్వాత సిరాతో దిద్దుతాడు. కంపెనీవాళ్లు నాణేన్ని భూతద్దంలో చూసి డెబ్బైకి మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, పైన చీటీ పెట్టి తిప్పి పంపుతారు. మావాళ్ల ప్రాణాలన్నీ ఆ చీటీలోనే ఉన్నాయి. విడుదలైన ముప్పై రోజుల్లోపు టంకశాల నుంచి బయల్దేరిన పెట్టెను ఎవరూ విప్పకుండా పంపితే 'తొలి విడుదల' అని రంగు చీటీ వస్తుంది. విప్పారని అనుమానం వస్తే మామూలు చీటీ. లోపలుండేది అదే నాణెం! నేను ఇరవై తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పాను, పుస్తకం అట్టకు ఎప్పుడూ మార్కులెయ్యలేదు.

ఇంత చేసే ఓరిన్ దగ్గర అలాంటి డబ్బీ ఒక్కటీ లేదు. కిరాణా కొట్లో చిల్లరగా వచ్చిన పాత పెన్నీలు ఏరుకోవడమే అతని సరదా.

ఇక మొన్న మంగళవారం. మెథడిస్టు చర్చి కింద హాల్లో అందరం కాఫీలు తాగుతున్నాం. డ్వేన్ హేవర్‌క్యాంప్ తన వెండి డాలర్ డబ్బీ తిప్పి చూశాడు. ట్రాక్టర్లు అమ్ముతాడులెండి, ఆరో తరగతి నా దగ్గరే చదివాడు.

"అరవై తొమ్మిదా? పైగా మామూలు చీటీనా?" అన్నాడు. "నా పెట్టె విప్పావు ఓరిన్. మంచిది ఉంచేసుకుని పనికిరానిది నాకంటగట్టావు."

"నేను విప్పలేదు."

"మరి దెయ్యం విప్పిందా?"

"ఒరేయ్ డ్వేన్, నోరు అదుపులో పెట్టుకో!" అని లేచాను. "మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్న మూడు నెలలూ మీ ఇంటి తాళం ఎవరి దగ్గరుందిరా?"

"మిసెస్ క్లెవెంజర్, ఇదేం ఆరో తరగతి కాదండీ."

"కాదు. అప్పుడు నీకు ఇంతకంటే బుద్ధుండేది."

అందరూ నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. వాడి మొహం కందిపోయింది, దొంగ అన్న మాట కూడా అనేశాడు. ఒక్కడైనా అడ్డం చెప్పాడా? కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు, దద్దమ్మలు! ఓరిన్ తాళాలు బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. అతనికోసం కోసిన చెర్రీ 'పై' ముక్క అలాగే ఉండిపోయింది.

నిన్న క్లబ్బు కాగితాలు తెచ్చుకుందామని వాళ్లింటికి వెళ్లాను. కార్యదర్శిని కదా. అతను కాఫీ కాస్తుంటే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫైలు తిరగేశాను. కంపెనీవాళ్లు రాసి పంపిన జవాబు కనబడింది. 'టంకశాల టేపు మీద గోధుమరంగు టేపు ఉంది. విప్పిన పెట్టెగా పరిగణించాం.'

గోధుమరంగు టేపు! డ్వేన్ గాడి గరాజు చెమ్మకు పెట్టె మూల చిరిగింది. మొన్న జనవరి మీటింగయ్యాక ఓరిన్ కుర్చీలు మడిచి పెడుతుంటే, పాపం దారిలో ఊడిపోతుందేమోనని సండే స్కూల్ బీరువాలోంచి టేపు తీసి రెండు చుట్లు చుట్టింది నేను. చుట్టి, ఎంత నీటుగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

"ఓరిన్, ఇది నా టేపు."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"పోస్టాఫీసులో చూశాను. పీకితే అట్ట లేచొచ్చేలా ఉంది. చెమ్మకు చిరిగిందని కాగితం రాసి పెట్టాను. చదివినట్టు లేరు."

"మరి మంగళవారం నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నువ్వు నా తరఫున అంత గట్టిగా అరుస్తుంటే, టేపు నీదేనని ఎలా చెప్పను? అందరి ముందూ నీ మొహం ఏం కాను?"

"నా మొహం సంగతి నీకెందుకయ్యా! నిన్ను దొంగన్నాడు!"

"అన్నాడు." చక్కెర కలుపుతూ కూర్చున్నాడు. ఎంతసేపు కలుపుతాడో ఏమో, ఆ చెంచా లాగేసుకోవాలనిపించింది. "పొద్దున మందుల షాపులో మా వీధి చివరావిడ నన్ను చూసి చేతిసంచి ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది" అన్నాడు.

ఆవిడ ఇంటి తాళంచెవి పందొమ్మిదేళ్లు ఈయన జేబులో ఉంది!

ఇప్పుడు నాకు ఎవరి మీద ఎక్కువ కోపమో చెప్పలేను. కాగితం చదవని కంపెనీ మీదా, డ్వేన్ మీదా, నోరు విప్పని ఈ మహానుభావుడి మీదా? లేక అడగకుండా టేపు చుట్టిన నా చేతుల మీదా? అరవై తొమ్మిది సంగతా, మిషను కొట్టే నాణేల్లో అవి కుప్పలుతెప్పలు. అది డ్వేన్‌కీ తెలుసు.

"డ్వేన్‌కి ఫోన్ చెయ్యకు" అన్నాడు ఓరిన్, నేను కోటు వేసుకుంటుంటే. "నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు."

మర్చిపోరు. ఊళ్లో అలాంటివి ఎవరూ మర్చిపోరు. ఇవాళ ఆదివారం. డ్వేన్ చర్చి అయ్యాక పిల్లల్ని పాన్‌కేకులకి తీసుకెళ్తాడు, పన్నెండున్నరకి ఇంటికొస్తాడు. అప్పుడు ఫోన్ చేస్తాను. టేపు నాదని చెప్తాను. ఈ మాట వచ్చే మీటింగులో అందరి ముందూ నిలబడి నేను చెప్తాను, ఆ పక్కనే నిలబడి నువ్వు ఓరిన్‌కి క్షమాపణ చెప్పాలిరా అంటాను. ఫోన్ పెట్టేస్తే మళ్లీ చేస్తాను.