మూలలు కలవని జంపఖానా

కొత్తవాడ బడిలో పదో తరగతి లెక్కలంటే వెంకట్రాజం సారే. బట్టల కొట్టు కాడ ఆపి కాళ్లు మొక్కే పాత శిష్యులు ఆయనకు ఎందరో. మనిషికి అన్నం తర్వాత కావల్సింది అట్లాంటి పలకరింపేనేమో. అది తగ్గుతుందంటే ఎంత చదువుకున్నోడికైనా కడుపులో మంట లేస్తుంది. సారుకు కొత్త లెక్కల టీచరు ఆయేషా మేడం వచ్చిన కాన్నుంచీ లేస్తోంది.

ఈసారి పదో తరగతి లెక్కలు ఎవరికియ్యాలో శనివారం చెప్తానన్నాడు హెడ్మాస్టర్ మహిపాల్.

శుక్రవారం మేడం తరగతిలో ఒకటే గోల. ‘బజారు పెట్టింది’ అని గొణుక్కుంటూ సారు గుమ్మం దాకా పోయాడు. నేలమీద పొడుగాటి జంపఖానా, చుట్టూ పిల్లలు.

"సర్, టైముకు వచ్చిండ్రు! అంచుకు అంచు కలిసేటట్టు దీన్ని సగానికి ఎన్ని తీర్ల మడవొచ్చో మీరే చెప్పుండ్రి" అంది ఆయేషా.

తనను పరీక్షించడానికి ఈమె ఎవరు? ఆ ఉక్రోషంలో ఆలోచించకుండా అనేశాడు: "నాలుగు. నిలువు, అడ్డం, మూల నుంచి మూలకు రెండు."

పిల్లలు మూల నుంచి మూలకు మడిచారు. కొసలు పక్కకు పొడుచుకొచ్చాయి.

"సారూ, కలుస్తలేదు! జంపఖానా చదరమైతే కలుస్తుండె!" అని అరిచాడు వంశీ. అందరూ ఒకటే నవ్వు.

"సారు కావాల్ననే తప్పు చెప్పిండ్రు, మీరు పట్టుకుంటరో లేదో అని. చప్పట్లు కొట్టుండ్రి!" అంది ఆయేషా.

చప్పట్లు మోగాయి. తిట్టినా అంత మండేది కాదు సారుకు. కావాలని తప్పు చెప్పడం అంత గొప్ప విద్యా? అదీ చూద్దామనుకొని నేరుగా తన ఏడో తరగతికి పోయాడు.

"పదమూడు ఏడ్ల తొంభై మూడు!"

"పదమూడు ఏడ్ల తొంభై మూడు!" తరగతంతా ఒకే గొంతుతో అంది.

సారు ఆగాడు. తప్పని ఎవరూ చెయ్యెత్తలేదు. ముందు బెంచీలోని పద్మలతను లేపాడు. "ఎంతనే?"

"తొంభై ఒకటి సార్."

"మరి తొంభై మూడంటివి?"

"మీరన్నరు గద సార్."

శనివారం ఆయనే హెడ్మాస్టర్ గదికి పోయాడు. కూర్చోలేదు.

"పది ఆమెకే ఇయ్యుండ్రి."

మహిపాల్ కళ్లజోడు తీసి చూశాడు. "నిజంగనా సారు? ఆమె అంత మంచిగ చెప్తదంటరా?"

"ఇయ్యుండ్రి అన్న గద సార్. మంచిగ చెప్తదని గూడ నా నోటితోనే అనిపియ్యకుండ్రి."