రెక్కల రాణికి దణ్ణం

మొన్న జగదల్‌పూర్‌లో ఓ సినిమా హాలు పక్కగా నడుస్తుంటే వేయించిన పల్లీల వాసన వచ్చింది. ఎవరూ చూడకపోయినా నా ముఖం వేడెక్కింది.

చిన్నప్పుడు నేను బడికి పోలేదు. సరిహద్దు ఊరు కొంటాలో మా దుకాణం వెనక గదిలో అమ్మే చదువు చెప్పింది. సాయంత్రం దీపం పెట్టి రామాయణం చదివాక, అదే పీట మీద ఒక నవల పెట్టుకుని చదివేది. అందులో రెక్కలున్న రాణి ఆపదలో ఉన్న పిల్లల్ని కాపాడుతుంది. దీపం ముందు చదివేది కదా, ఆమె కూడా దేవతే అనుకున్నాను.

ఆ నవల హిందీలో సినిమాగా వస్తే అమ్మా, మా మేనత్తా నన్ను జగదల్‌పూర్ తీసుకెళ్ళారు. తెర మీద రాణి రెక్కలు విప్పగానే హాలంతా ఈలలు. నేను లేచి చేతులు జోడించి, వెనక్కి తిరిగి, "ఈలలెయ్యకండి, కళ్ళు పోతయ్!" అని అరిచాను.

పల్లీలు నములుతున్న హాలంతా గొల్లుమంది. "ఆర్తీ భీ కర్ దో, బిటియా!" అని, హారతి కూడా ఇచ్చెయ్యమని వెక్కిరించాడు వెనక వరసలో ఎవరో.

"అమ్మా, దేవతకు మొక్కొద్దా?"

"కత బిడ్డా అది" అంది అమ్మ మెల్లగా.

"బడికి పంపకపోతే ఇట్లనే ఉంటది వదినా" అంది అత్త.

రాణి మళ్ళీ కనబడగానే అమ్మ తనూ లేచి, నా పక్కన చేతులు జోడించింది. నవ్వులు ఇంకా పెరిగాయి. నేను సిగ్గుతో, "కూసో అమ్మా" అంటూ ఆమె కొంగు పట్టి లాగాను.

అంత నవ్వులో నేనొక్కదాన్నే నిలబడకూడదని లేచిందని ఆ వయసులో నాకు తోచలేదు. అలాంటి తల్లినిచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెడతాను, ఆ కొంగు లాగిన చేతులతోనే.