పిలుస్తారని లేచింది

మా ఎదురింటి చౌడేశ్వరమ్మకి బేరంలో ఒకటే విద్య తెలుసు. లేచిపోవడం. పామర్రు చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరల్ని మూటగట్టుకుని, బస్సెక్కి, విజయవాడ గవర్నర్‌పేటలో హోల్‌సేల్ షాపులకి వేస్తుంది. షాపువాడు ఏదో ఒక ధర అంటాడు. ఈవిడ మారు మాట్లాడదు. చీరలు మడత పెట్టి, మూట కట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగడం మొదలుపెడుతుంది. గబగబా దిగితే నిజంగానే పోతోందనుకుని వదిలేస్తారు. మరీ నిదానంగా దిగితే నాటకమని కనిపెట్టేస్తారు. ఈ రెంటికీ మధ్య ఒక నడక ఉంది, అది ఆవిడకే తెలుసు. "ఇదిగో అమ్మా, రామ్మా, ఏంటా కోపం" అని వెనకనుంచి కేక వస్తుంది. ముప్పై ఏళ్లుగా వస్తూనే ఉంది. ఆ కేకల మీదే ఇల్లు గడిచింది, కూతురి చదువైంది, ఆఖరికి రోడ్డు వైపున్న పెంకుటిల్లు తీసేసి డాబా కూడా వేసింది.

నాకు ఆవిడంటే ఇష్టం, కొంచెం భయం కూడా. ఇప్పుడు చెప్పబోయే సంగతులు ఆవిడా, ఇంటి ముందు గదిలోనే మగ్గం నేసే వాళ్లాయన వీరభద్రయ్యా వేరువేరుగా మా అరుగు మీద కూర్చుని చెప్పుకున్నవే. నేను చూసింది కొంచెమే.

డాబా కోసం బ్యాంకు లోను తీసుకున్నారు. లోను వీరభద్రయ్య పేరు మీద, ఇల్లు తాకట్టు. కరోనా వచ్చి షాపులు మూతపడ్డాయి. తెరిచాక కూడా షాపుల వాళ్లు మరమగ్గం చీరలకే ఎగబడ్డారు. వాయిదాలు తప్పాయి. వడ్డీకి వడ్డీ ఎక్కి బాకీ ఇరవై రెండు లక్షలైంది. నోటీసులొచ్చాయి. తర్వాత ఒకరోజు బ్యాంకు మేనేజర్ కిరీటి గారు రమ్మని కబురు పెడితే ఆవిడే వెళ్లింది. వీరభద్రయ్యకి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నంత ధైర్యం కుర్చీలో కూర్చుంటే ఉండదు.

"అమ్మా, హెడ్డాఫీసు నుంచి మీకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ వచ్చిందండీ. పద్నాలుగు లక్షలు కట్టేయండి, మీ కాగితాలు మీకిచ్చేస్తాం. అందులో లక్షా నలభై వేలు మాత్రం నెలాఖరు శనివారం లోపు కట్టాలి. మిగతాదానికి మూడు నెలలు టైముంది. శనివారం దాటితే ఆఫర్ పోతుంది, ఇల్లు వేలానికెళ్తుంది" అన్నాడాయన.

"పదికి చూడండి."

"నా చేతుల్లో లేదమ్మా. పైవాళ్లిచ్చిన ఫిగరు."

ఇదిగో, ఇక్కడే ఆవిడ తప్పులో కాలేసింది. "నా చేతుల్లో లేదు" అన్న మాట ఆవిడ కొన్ని వేలసార్లు విని ఉంటుంది. గవర్నర్‌పేట గుమస్తా ఆ మాట అన్నాడంటే, ఓనరు లోపల కూర్చుని వింటున్నాడు, ఇంకొంచెం లాగొచ్చు అని అర్థం. బ్యాంకులో లోపల ఎవరూ కూర్చుని లేరని ఆవిడకి తట్టలేదు. ఆయనిచ్చిన ఆఫర్ లెటర్ సంచిలో పెట్టుకుంది. కాళ్లకున్న చెప్పుల్నే ఇంకోసారి సర్దుకుంది. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన ఆ నడకతో తలుపు దాకా నడిచింది. సెక్యూరిటీ అతను మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ మర్యాద చూసేసరికి ఆవిడకి ఒళ్లు మండిపోయిందట.

ఎదురుగా ఉన్న సోడా బండి దగ్గర నిలబడి ఒక సోడా తాగింది. ఇంకోటి తాగింది. బ్యాంకు లోంచి ఎవరూ రాలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. వంట చేస్తున్నా, స్నానానికెళ్లినా ఫోన్ వెంటే. బస్సులో మోత వినపడదేమోనని జాకెట్లో దోపుకునేది. మా ఇంట్లో ఫోన్ మోగితే ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఒక సాయంత్రం నేను ఉండబట్టలేక అనేశాను.

"ఎనిమిది లక్షలు వదులుకుంటామంటే వెళ్లి ఒప్పుకోక ఇంకా ఏంటి పిన్నీ ఈ బెట్టు?"

"నీకేం తెలుసే బేరం! మనం పరిగెత్తుకెళ్తే పన్నెండుకైనా దిగుతారా? వాళ్లే చేస్తారు ఫోను. చూస్తూండు."

అన్నదే గాని, కూర్చున్నది కూర్చున్నట్టు లేచి వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. ఎందుకెళ్లావంటే ఏమీ లేదంది.

ఇంతలో వీరభద్రయ్య చెవిలో ఒక మాట పడింది. మాఫీ. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైఅంతస్తులో భానుచందర్ అనే అతను రుణ విముక్తి ఆఫీసు పెట్టాడనీ, ఇళ్ల లోన్లు మాఫీ చేయిస్తున్నాడనీ ఎవరో ఫోన్లో వీడియో పంపారు. మీరూ నేనూ అయితే నవ్వి ఊరుకుంటాం. వీరభద్రయ్య నవ్వలేదు. ఎందుకంటే ఆయనకి ఒకసారి నిజంగానే మాఫీ అయింది. అప్పట్లో ప్రభుత్వం చేనేత రుణాలు మాఫీ చేసినప్పుడు మగ్గం మీద తీసుకున్న అప్పు రద్దయిందని కాగితం ఇంటికొచ్చింది. జీవితంలో అడక్కుండా ఆయనకి దొరికిన మేలు అదొక్కటే. ఆ మాటని ఆయన అనుమానించలేడు. సర్కారు చేసేదే మాఫీ అనీ, లాడ్జి మేడ మీద కూర్చున్నవాడు చేసేది ఇంకేదో అనీ ఆయనకి ఎవరు చెప్పాలి?

"ఒక్కసారొచ్చి ఆయన చెప్పేది వినవే చౌడమ్మా" అని రోజూ నస పెట్టాడు. వారం మిగిలిందనగా ఆవిడ సరేనంది. బ్యాంకు ఫోను చేయలేదన్న ఉక్రోషం కూడా ఉందందులో.

భానుచందర్ ఆఫీసులో ఏసీ ఉంది, లాయర్ బొమ్మలున్నాయి, మంచినీళ్లు గాజు గ్లాసులో ఇచ్చారు.

"అసలు బ్యాంకు మీకు డబ్బే ఇవ్వలేదండీ. మీరు పెట్టిన సంతకమే డబ్బు. దాన్ని వాళ్లు వాడుకుని తిరిగి మీకే అప్పు చూపించారు. మనం నోటీసు కొడితే వాళ్ల దగ్గర సమాధానం ఉండదు. లోను చెల్లదు, ఇల్లు మీది. మీరు చెయ్యాల్సింది ఒకటే. బ్యాంకుతో మాట్లాడకండి, ఫోనెత్తకండి. మాట్లాడితే అప్పు ఒప్పుకున్నట్టే. మన ఫీజు లక్షన్నర" అన్నాడు.

డబ్బివ్వలేదట! మరి ఆ సిమెంటూ ఇనుమూ ఎవరు కొన్నారు, వీడి తాతా? ఇలాంటి వాణ్ణి నమ్మేవాళ్లు తెలివితక్కువ వాళ్లని మాత్రం అనుకోకండి. ఇల్లు పోతుందన్న భయం పట్టుకున్నవాడికి, పోదు అని చెప్పేవాడి మాటలన్నీ తియ్యగానే ఉంటాయి.

చౌడేశ్వరమ్మకి సంతకమూ నోటీసూ అర్థం కాలేదు. లక్షన్నర మాత్రం అర్థమైంది. అలవాటు ప్రకారం మారు మాట్లాడకుండా లేచింది. గుమ్మం బయట చెప్పుల్లో ఇంకా కాలు పెట్టలేదు.

"అమ్మా, అమ్మా! కూర్చోండమ్మా. లక్షా పాతికిద్దురు."

ఆవిడ ఒక చెప్పు వేసుకుంది.

"లక్ష. మా ఆడపడుచులాంటి వారు మీరు."

రెండో చెప్పు వేసుకుంది. ఈసారి ఆవిడ బేరం కోసం వేసుకోలేదు. ముప్పై ఏళ్లలో ఆవిడకి రంగు నూలు అమ్మినవాళ్లు ఎంతమంది దిగలేదు, కానీ ఇంత తొందరగా దిగిన వాళ్లు ఇద్దరో ముగ్గురో. ప్రతిసారీ ఆ సరుకు ఒక్క ఉతుక్కే రంగు పోయింది. సరుకున్నవాడు ఒక చోట ఆగుతాడు. వీడు ఆగడం లేదు. వీడి దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. ఆ వెంటనే బ్యాంకు గుర్తొచ్చింది. బ్యాంకువాళ్లు వెనక్కి పిలవలేదు. అంటే పద్నాలుగు పద్నాలుగే.

"పదవయ్యా" అంది మొగుడితో.

మెట్ల మీద ఉండగా భానుచందర్ గుమ్మంలోకి వచ్చి కేకేశాడు.

"అమ్మా, ఇంక మీరేం ఇవ్వక్కర్లేదు. మీ ఆయన మొన్న కట్టిన ఎనభై వేలే ఫీజు కింద సరిపెట్టేస్తాను. సంతకం పెట్టి వెళ్లండి!"

ఆవిడ తిరిగి వీరభద్రయ్య వంక చూసింది. ఆయన మెట్టుమీదే కూర్చుండిపోయాడు.

ఎనభై వేలు ఆవిడ చీటీ డబ్బు. పాట పాడి తెమ్మని ఆయన్నే పంపింది. తెచ్చి బీరువాలో పెట్టానన్నాడు. తేలేదు, పెట్టలేదు. చీటీ దగ్గర్నుంచి సరాసరి ఇక్కడికే వచ్చి, మాఫీ అయ్యాక చెబుదామని దాచాడు. ఆవిడ పైకెక్కి డబ్బిమ్మని అడిగింది, అరిచింది, టేబుల్ మీద గ్లాసు విసిరింది. రిఫండు లేదని రాసున్న చోట మీవారి సంతకం ఉందని భానుచందర్ నవ్వుతూనే చూపించాడు. అదే గ్లాసు వాడి నెత్తిన పగిలితే బాగుండేదని నా ఉద్దేశం.

బస్సులో పామర్రు దాకా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. తిడుతుందని మేమంతా చెవులు రిక్కించుకుని ఉన్నాం. ఈవిడ తిట్టు మా వీధికి కొత్త కాదు. పాలవాణ్ణి తిడుతుంది, కరెంటువాళ్లని తిడుతుంది, నన్నూ తిడుతుంది. మొగుణ్ణి మాత్రం అప్పుడు ఒక్క మాట అనలేదు. కంచంలో అన్నం పెట్టి అవతలికి పోయేది. ఆయన మగ్గం దగ్గర కూర్చునేవాడు, పోగు విసిరే నాడె చేతిలో ఉండేది, మగ్గం చప్పుడు వినపడేది కాదు. లేచి గుమ్మంలోకొచ్చేవాడు, మళ్లీ లోపలికెళ్లేవాడు.

"తిట్టమని చెప్పమ్మా దానికి. ఇట్లా అయితే నేను బతకలేను" అన్నాడు మా అరుగు మీదకొచ్చి.

గురువారం పొద్దున్నే ఆవిడ బ్యాంకుకెళ్లింది. ఈసారి నడకలో ఏ విద్యా లేదు.

"ఆఫర్ ఉందాండీ ఇంకా?"

"ఎల్లుండి దాకా ఉందమ్మా. ఇన్నాళ్లూ రాలేదేంటి?"

"మీరు పిలుస్తారని చూశానండీ."

కిరీటి గారికి అర్థం కాలేదు. "గడువు గుర్తుచేద్దామని రెండు మూడుసార్లు ఫోన్ చేశామమ్మా. మీ ఆయన నంబరు. ఎవరో కట్ చేశారు" అన్నాడు. తర్వాత, "తగ్గిస్తామని చెప్పడానికి మాత్రం కాదండీ" అని కూడా అన్నాడు.

మిగతా పన్నెండు లక్షల అరవై వేలకి దారి ఉంది. పుట్టింటివాళ్లిచ్చిన స్థలం కొనేవాడున్నాడు, మెడలోవి ఉన్నాయి. అవన్నీ తేలడానికి నెలైనా పడుతుంది. శనివారానికి లక్షా నలభై ఎక్కడిది? షాపుల వాళ్లకి ఫోన్లు చేసింది. ఇద్దరు రేపు చూద్దామన్నారు, ఒకడు ఎత్తలేదు. ఎండలో అక్కడా ఇక్కడా తిరిగి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఇంట్లోంచి వీధిలోకి మట్టి దుమ్ము వస్తోంది.

ఇది నేను చూసిందే. ముందు గదిలో మగ్గం లేదు. విప్పేసిన కర్రలు వసారాలో గోడకి చేర్చి ఉన్నాయి. సగం నేసిన చీర చాప మీద చుట్టి పెట్టి ఉంది. వీరభద్రయ్య పెరట్లోంచి తట్టతో మట్టి తెచ్చి గుంటలో పోస్తున్నాడు. మోకాళ్ల లోతు గుంట సగం పూడిపోయింది. పడమటింటి బసవపున్నయ్య సెల్‌ఫోన్ షాపుకి ఆ గది ఇమ్మని రెండేళ్లుగా అడుగుతున్నాడు. మగ్గం ఎక్కడ పెట్టుకుంటామని ఈవిడే పంపించేస్తూ వచ్చింది. ఇవాళ ఈయనే వెళ్లి గది ఇస్తానన్నాడు. లక్షన్నర అడ్వాన్సు, నేల చదును చేసివ్వాలి. డబ్బు గుడ్డలో కట్టి దేవుడి పటం ముందు పెట్టి ఉంది.

"ఏందయ్యా ఇది?" అంది.

"మాఫీ అన్నాడే. నిన్ను ఇంక ఆ బస్సుల్లో తిప్పకూడదనుకున్నా" అన్నాడు తల ఎత్తకుండా. "రేపట్నుంచి సొసైటీ షెడ్డులో కూలిమగ్గం నేస్తా. వాళ్లతో మాట్లాడి వచ్చాను. ఇల్లు నిలబడితే చాలు."

అప్పుడు మొదలుపెట్టింది. చీటీ డబ్బు దగ్గర్నుంచి మొదలుపెట్టి, కట్ చేసిన ఫోన్లూ, దాచిన మాటా, అడక్కుండా విప్పిన మగ్గమూ, పెళ్లైన కొత్తలో ఎప్పుడో చేసిన వెధవ పనీ, ఒక్కటి వదలకుండా తిట్టింది. గొంతు జీరపోయేదాకా తిట్టింది. మధ్యలో ఏడ్చింది, ఏడుస్తూ కూడా తిట్టింది. ఆయన గుంటలో నిలబడి అంతా విన్నాడు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది, అంత తేలికపడ్డాడు మనిషి.

తిట్టడం అయిపోయాక కొంగు నడుముకి దోపి, ఇంకో తట్ట తీసుకుని పెరట్లోకి వెళ్లింది.