పూటకో కూర చెప్పిన గూఢచారి

నన్ను ఈ దేశం నుంచి వెళ్లగొట్టడానికి ఒక వంకాయ కూర దాదాపు సరిపోయింది. నవ్వకండి. నేను తుపాకీ పట్టలేదు, దొంగచాటుగా ఫోటోలు తియ్యలేదు, ఎవరి జోలికీ పోలేదు. తిన్న కూర పేరు తప్పు చెప్పాను, అంతే. నేరుగా పోలీసు జీపెక్కాను.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. మాది చెకోస్లొవేకియా. అక్కడ నాకు తెలుగు నేర్పిన పంతులుగారు తన జన్మలో తెలుగువాణ్ని చూసి ఎరగడు. ఇద్దరం కలిసి పాత పుస్తకాలు తిరగేసి ఆ భాష నేర్చుకున్నాం. అదృష్టం చూడండి, వరంగల్‌లో ఒక మిల్లు మా దేశపు మగ్గాలు కొన్నది. మా ఇంజనీర్లకు తెలుగు రాదు, ఇక్కడి కార్మికులకు మా భాష రాదు. మధ్యలో దుబాసీగా నన్ను పంపారు. పగలు మిల్లులో పని, సాయంత్రం తెలుగు చదువు. నా పర్మిట్ అయిపోవస్తోంది. దాన్ని పొడిగిస్తే ఇక్కడే ఉండి చదువు పూర్తి చేసుకోవచ్చు, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఉండిపోవాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. కలలో కూడా ఆ పొడిగింపే వచ్చేది.

కొత్తవాడలో రూతమ్మగారి మేడ మీది గదిలో దిగాను. ఆమె దవాఖానలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. నా పేరు తోమాష్. ఆమె దాన్ని మొదటి రోజే తోమాగా మార్చేసింది. ఎదురింట్లో అయిలయ్య. పొద్దున లేచిన దగ్గర్నుంచి అరుగు పక్కన మగ్గం మీద కూర్చుని జంపఖానాలు నేసేవాడు. చెయ్యి మగ్గం మీద, చూపు వీధి మీద.

మొదటి రోజు నేను గడప దాటానో లేదో, మగ్గం ఆగింది.

"ఎటు పోతానవ్ బిడ్డా?"

"నేను కర్మాగారమునకు వెళ్లుచున్నాను."

ఆయన కాసేపు నా మొహం చూసి, జాలిపడి, "తిన్నవా?" అన్నాడు.

"తిన్నాను."

"ఏం కూర?"

సగం ఉప్మా అని నిజం చెప్పేసి గబగబా అడుగులు వేశాను. మీకు నవ్వుగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మా దేశంలో నేను పెరిగిన ఇంటి కింద మెట్ల దగ్గర ఒక మనిషి కూర్చునేవాడు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరొచ్చారు, ఏం తెచ్చారు అని అడిగేవాడు. చెప్పినదంతా ఎక్కడికో చేరేది. మా మామయ్య ఒకసారి సరదాగా ఏదో సమాధానం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అలాంటి చోట పెరిగినవాణ్ని, ఏం కూర అనడిగితే కూర గురించే అడుగుతున్నారని ఎలా అనుకుంటాను?

సరే, ఒక్క మనిషే కదా అని సర్దిచెప్పుకున్నాను. సందు చివర చాయ్ హోటల్ యాదగిరి ఆపాడు. "ఏం సారూ, ఎటు? చాయ్ తాగినవా? పెండ్లయిందా? జీతమెంత?" సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రూతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"తోమా, పొద్దుగాల ఉప్మ సగం ఇడిచిపెట్టి పోయినవట?"

"మీకెవరు చెప్పారు?"

"అయిలయ్య చెప్పిండు."

"ఆయనకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పినవట గదా!"

ఇంకేం కావాలి సాక్ష్యం? ఇది పెద్ద ముఠా. సమాచారం మగ్గం దగ్గర మొదలై, చాయ్ హోటల్ మీదుగా రూతమ్మ వంటింట్లో తేలుతోంది. అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఊహించుకుని ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ సంగతీ మర్నాటికి వీధంతటికీ తెలిసింది.

అప్పుడు నా బుర్రలో ఒక బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. నిజం చెప్పొద్దు. ఒక్కొక్కరికి ఒక్కొక్క అబద్ధం చెప్పాలి. ముఠా అంతా కూర్చుని లెక్కలు సరిచూసుకుని జుట్టు పీక్కోవాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక చూడండి నా ప్రతాపం. వంకాయ తింటే అయిలయ్యకు కోడికూర అని చెప్పేవాణ్ని. యాదగిరికి చేపల పులుసు. సినిమాకు వెళ్తూ స్టేషన్ ఘన్‌పూర్ వెళ్తున్నాననేవాణ్ని. గదిలో పడుకుని లేచి పాలకుర్తి గుట్ట ఎక్కి దిగానని ఆయాసపడేవాణ్ని. ఏ సందులోంచి వచ్చానో తెలియకూడదని చుట్టు తిరిగి వచ్చేవాణ్ని. ఊరంతటికీ ఎర్రజుట్టు నాదొక్కడిదే అన్న చిన్న విషయం మాత్రం నాకు తట్టలేదు.

ఒకరోజు అయిలయ్య మగ్గం ఆపి నా వంక అదోరకంగా చూశాడు.

"నిన్న ఘన్‌పూర్ పోయినవా బిడ్డా?"

"అవును."

"మా అల్లుడు నిన్ను హనుమకొండల సీన్మ టాకీసు కాడ చూసిండట?"

"వేరెవరినో చూసి ఉంటారు."

"గట్లనా. ఎర్రజుట్టోడు, అరటిపండు తొక్క తియ్యక ముందు వాసన చూస్తాండట. గది నువ్వు గాదా?"

నేను మొహం చాటేసి నడిచాను. ఆ రోజు నుంచి వీధి తీరు మారింది. నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. చూశావా, నా అనుమానం నిజమే అనుకున్నాను. నిజానికి అప్పటిదాకా వాళ్లకు నా మీద ఏ అనుమానమూ లేదు. దాన్ని పూటపూటా కష్టపడి పెంచింది నేనే.

ఇంతలో నా పర్మిట్ కోసం విచారణకు ఎస్సై వచ్చాడు. ఊళ్లో కొత్త మొహం కనబడితే పోలీసులు రెండోసారి చూసే కాలం అది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి వీధివాళ్లను పిలిచాడు. పాపం, అందరూ నన్ను గట్టెక్కించాలనే వచ్చారు.

"మస్తు మంచోడు సార్," అన్నాడు అయిలయ్య. "మొన్న ఆయితారం పాలకుర్తి పోయి దేవునికి మొక్కి అచ్చిండు."

"పాలకుర్తి యాడిది?" అన్నాడు యాదగిరి. "ఆయితారం ఘన్‌పూర్ల దోస్తు పెండ్లికి పోయిండు. బగార అన్నం తిన్ననని నాకే చెప్పిండు."

రూతమ్మ కంగారుపడింది. "ఆయితారం ఎటూ పోలే సార్. కడుపునొప్పని పండుకున్నడు. ఏమీ తినలే."

ఎస్సై పెన్ను పక్కన పెట్టాడు. "ఒక్క మనిషి, ఒక్కటే పూట, మూడు జాగలల్ల ఉన్నడు. ఏం సార్, ఆదివారం నాడు అసలు ఏం తిన్నరు మీరు?"

"వంకాయ కూర," అన్నాను. ఆ ఒక్కటే నిజం. యాదగిరి హోటల్‌కు దూరంగా, ఇంకో హోటల్లో చాటుగా తిన్నాను.

"వంకాయా!" అని వీధంతా ఒకేసారి నోరెళ్లబెట్టింది. ఆ పేరు ఎవరూ వినలేదు మరి. పప్పులో కాలేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. పప్పు తిన్నానని ఎవరికి చెప్పానో నాకే గుర్తులేదు.

జీపెక్కించారు. స్టేషన్‌లో బల్ల ముందు కూర్చోబెట్టి చాలాసేపు అవే ప్రశ్నలు. పర్మిట్ పోయింది, చదువు పోయింది, నన్ను రేపే రైలెక్కిస్తారు అని లోపల ఒకటే ఏడుపు. మధ్యాహ్నమైంది. ఎస్సై తన టిఫిన్ క్యారియర్ ముందుకు లాక్కుని, మూత తీస్తూ, నా వంక చూసి అడిగాడు:

"తిన్నరా?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఆ ప్రశ్నకు నేను సమాధానము చెప్పను!"

ఎస్సై చేతిలో మూత అట్లాగే ఉండిపోయింది. "అన్నం తిన్నరా అనడిగితే చెప్పనంటరేందండీ?"

"మీ మనుషులందరూ ఇదే అడుగుతున్నారు! ఎటు వెళ్తున్నావు, తిన్నావా, ఏం కూర. అంతా మీకు చేరవేస్తున్నారు. నాకు తెలుసు!"

ఎస్సై నవ్వడం మొదలుపెట్టాడు. కానిస్టేబుళ్లు గోడ పట్టుకుని నవ్వారు. "నేను అత్తగారింటికి పోతె మా అత్త గూడ గిదే అడుగుతది," అన్నాడు ఎస్సై కళ్లు తుడుచుకుంటూ. "ఆమెను గూడ లోపలెయ్యాల్నా? గూఢచారి అయితె ఒక్క కూర పట్టుకుని నిలబడుతడు సార్. పూటకో కూర చెప్పెటోనికి గా కొలువు ఎవడిస్తడు?"

నవ్వనిది ఒక్క రూతమ్మే. అన్నం మూట చేతిలో పట్టుకుని ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి అంతా వినేసింది.

"పోలీసోల్లకు చెప్తనని అనుకున్నవా తోమా? తిన్నవా అని ఎందుకడుగుతం? తినకపోతె పెడుదమని."

సిగ్గుతో తల వంచుకున్నాను. ఆమె ఆ కోపంలోనే బల్ల దగ్గరికి నడిచి, ఈ పిల్లగానికి నేను జామీను అని సంతకం చేసింది. నా పర్మిట్ పొడిగించారు.

కానీ అసలు శిక్ష మర్నాడు మొదలైంది. గడప దాటాను. మగ్గం ఆగలేదు. చాయ్ హోటల్ ముందు నడిచాను. యాదగిరి పాలు తిప్పుకుంటూ ఉండిపోయాడు. మర్నాడూ అంతే. పాపం దొరకు భయమైతాంది, ఏమీ అడగొద్దని వీధంతా మాట్లాడుకున్నారట. నాకు ఏడుపొచ్చింది. మా దేశంలో అన్నేళ్లు నేను కోరుకున్నది అదే. తీరా దొరికాక ఒక్క వారం కూడా భరించలేకపోయాను.

చివరికి ఒక పొద్దున అయిలయ్య మగ్గం ముందు వెళ్లి నిలబడ్డాను.

"అయిలన్నా, మిల్లుకు పోతున్నా."

"పో."

"తిన్నా. సొరకాయ కూర."

"నిన్ను ఎవలన్న అడిగిన్రా?"

"అడగలేదు. అడుగుతారేమోనని వచ్చాను."

మగ్గం ఆగింది. ఆయన నన్ను కిందినుంచి పైదాకా ఎగాదిగా చూసి, వీధి అదిరేలా కేక పెట్టాడు. "ఓ రూతమ్మక్కా! తోమా సొరకాయ తిన్ననంటాండు! నిజమేనా?"

మేడ మీంచి అంతకన్నా పెద్ద కేక వచ్చింది. "నిజమే! ఈసారి నిజమే చెప్తాండు!"

సందు చివర యాదగిరి గ్లాసు పైకెత్తాడు. అటుపక్క కిటికీలు రెండు తెరుచుకున్నాయి. నాకు ఆ రోజు పర్మిట్ చేతికొచ్చిన రోజుకన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్లీ కూర విషయంలో అబద్ధమాడను. ఉప్పు తక్కువైతే తక్కువైందని, మాడితే మాడిందని, వండినవాళ్లు పక్కనే ఉన్నా సరే, ఉన్నదున్నట్టు చెబుతాను. దానివల్ల మా ఇంట్లో నాకు అన్నం పుట్టకపోయినా, ఒట్టు ఒట్టే.