ఎర్రచుక్క వాల్వు

మా కంపెనీ బస్సులో ఎవరినడిగినా నా గురించి చెబుతారు. అచ్యుతాపురం దారిలో సరుగుడు తోటల దగ్గర ఏదో కనిపించిందని ఎవరైనా మొదలుపెడితే, "ఎన్ని గంటలకి? ఎంత దూరం నుంచి?" అని అడిగి కథ చెడగొట్టేది నేనే. మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పరీక్షలు చేసే ఉద్యోగం నాది. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మా నాన్న అనకాపల్లిలో నలభై ఏళ్లు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేశాడు. గాజు బుడ్డీల్లా ఉండి, వేడెక్కితే ఎర్రగా వెలిగే పాత వాల్వులంటే ఆయనకి పిచ్చి. ఒకే యాంప్లిఫయర్‌లో ఒక వాల్వు తీసి ఇంకొకటి పెట్టి, అదే సన్నాయి క్యాసెట్ మళ్లీ మళ్లీ వినేవాడు. బెల్లం ఊరివాడు కదా, తీర్పులూ అలాగే ఉండేవి. "ఇది లేత పాకం. ఇది ముదిరిపోయింది" అనేవాడు. నాకైతే అన్నీ ఒకేలా వినిపించేవి.

నా చిన్నప్పుడు ఆ యాంప్లిఫయర్‌లో ఒక వాల్వుకి జబ్బుండేది. బల్ల కాస్త అదిరినా, పక్కన చిన్న చప్పుడైనా పట్టేసి స్పీకర్‌లోంచి వినిపించేది. అమ్మ కాఫీ తెచ్చి పెడితే చాలు, ఆవిడ మట్టిగాజులు స్పీకర్‌లో గలగలమనేవి. నాన్న తల తిప్పకుండానే "అక్కడెట్టు. సల్లారనీ" అనేవాడు. రోజూ ఇదే తంతు. తర్వాతెప్పుడో ఆ వాల్వు మార్చేశాడు.

అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి నాన్న యాంప్లిఫయర్ ముట్టుకోలేదు. చెవులు కూడా బాగా మందగించాయి. చెవి మిషన్ తీసేస్తే పక్కన పళ్లెం పడ్డా వినపడదు. మొన్న వేసవిలో విశాఖ నుంచి ఒకాయన వాల్వులన్నీ కొంటానన్నాడు.

"అన్నీ ఇచ్చేత్తాను. ఒక్కటి ఉంచుకుంటాను. ఏది బాగుందో నువ్వే ఇని సెప్పమ్మా. నా సెవులు ఇంక పనికిరావు" అన్నాడు నాన్న. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం ఉదయం పదకొండు గంటలు. నాన్న నాకు వీపు పెట్టి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. చెవి మిషన్ కీచుమంటోందని తీసి బల్ల మీద పడేశాడు. నేను ఒక్కో వాల్వు మార్చి, వేడెక్కేదాకా ఆగి, సన్నాయి విని, ల్యాబ్‌లోలాగే కాగితం మీద మార్కులు వేస్తున్నాను. అట్టపెట్టె అడుగున పేరు రాయని వాల్వు ఒకటి దొరికింది. దాని మీద గోళ్లరంగుతో పెట్టిన ఎర్రచుక్క. అమ్మ వాడే రంగు అది.

పెట్టి చూశాను. వేడెక్కాక స్పీకర్‌లో సన్నగా హోరు మొదలైంది. ఆ వెంటనే గాజులు.

నాలుగైదు గాజులు ఒకదానికొకటి తగిలి, ఆగి, గ్లాసు బల్ల మీద ఆనిన చప్పుడు. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. ల్యాబ్‌లో గాజులు వేసుకోనివ్వరు కాబట్టి నాకు ఆ అలవాటే లేదు. ఫ్యాన్ ఆపే ఉంది. వాల్వు మార్చేటప్పుడు తీసిన క్యాసెట్ వైరు ఇంకా తగిలించలేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

నాన్న తల తిప్పలేదు.

"అక్కడెట్టు. సల్లారనీ" అన్నాడు.

చెవి మిషన్ నా కళ్లెదురుగా బల్ల మీదే ఉంది.

మిషన్ ఆయన చెవికి పెట్టి, ఏమన్నావు నాన్నా అని అడిగాను. "ఏటన్నాను?" అని నన్నే ఎదురడిగాడు. ఎర్రచుక్క వాల్వు చూపిస్తే మాత్రం మొహం వెలిగిపోయింది. "ఇది పాడైపోయిందమ్మా. పారేత్తానంటే మీ అమ్మే సుక్కెట్టి దాసింది" అన్నాడు. సాయంత్రం ఆ విశాఖ ఆయన వచ్చి మిగతావన్నీ పట్టుకెళ్లాడు. లేత పాకాలన్నీ వెళ్లిపోయాయి, జబ్బు వాల్వు మా ఇంట్లో మిగిలింది.

పాత వాల్వులు వాటంతటవే చిటపటలాడతాయని నాకూ తెలుసు. గాజుల చప్పుడు నేను ఊహించుకున్నానని సరిపెట్టుకుందామంటే, నాన్న జవాబిచ్చాడు కదా! అందుకే తర్వాతి ఆదివారం డజను మట్టిగాజులు కొని వేసుకుని, అదే వాల్వు పెట్టి, అదే బల్ల మీద కాఫీ పెట్టాను. నాన్న చెవికి మిషన్ ఉంది. స్పీకర్ గలగలమంది. నాన్న గభాలున వెనక్కి తిరిగి ఎవరా అని చూశాడు. నన్ను చూసి నవ్వాడు.

ఆ తర్వాత చాలాసార్లు చేసి చూశాను. ఏ లెక్కకీ ఇది తేలలేదు. నా గాజులకి నాన్న ప్రతిసారీ తిరిగి చూస్తాడు. ఆ రోజు తిరగలేదు.