పిన్ని గడ్డం పట్టుకున్న మధ్యాహ్నం

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మొవ్వలో టీచరుగా చేరిన కొత్తలో, దెయ్యం తిరుగుతోందని ఎవరూ దిగని ఇంట్లో మేం చాన్నాళ్ళు కాపురమున్నాం. అటక మీద పిల్లి పిల్లల్ని పెట్టడం తప్ప ఏ వింతా జరగలేదు. ఇప్పుడు చెప్పేదీ దెయ్యం కథ కాదు. ఇందులో ఉన్నవాళ్ళందరూ అప్పటికి బతికున్నవాళ్ళే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వేసవి. గుడివాడలో ఉండేవాళ్ళం. నా రొమ్ములో గడ్డ ఆపరేషన్ చేసి తీశాక, కీమో తప్పదన్నారు విజయవాడ డాక్టరుగారు. మా వారి మొహం పాలిపోయింది. నేను మాత్రం మొదటిరోజు నవ్వుతూనే వెళ్ళాలనుకున్నాను. పొద్దున్నే తలస్నానం చేసి, చిలకాకుపచ్చ వెంకటగిరి చీర కట్టి, జడలో మల్లెపూలు పెట్టుకున్నాను. డబ్బాలో పులిహోర సర్దాను.

“పెళ్ళికి వెళ్తున్నట్టుందే,” అన్నారాయన బస్సెక్కుతూ.

“ఏడుస్తూ వెళ్తే మందు తగ్గించి ఎక్కిస్తారా ఏంటండీ?” అన్నాను. అన్నానే గానీ, దారంతా పులిహోర డబ్బా మూత బిగిస్తూనే ఉన్నాను.

ఈ జబ్బు సంగతి బందరులో ఉన్న మా పిన్నికి మాత్రం చెప్పలేదు. ఆవిడ గుండె బలహీనం. తెలిసిన నలుగురి దగ్గరా చెప్పొద్దని మాట తీసుకున్నాం.

వాలుకుర్చీలో కూర్చోబెట్టి ఎడమచేతికి సూది గుచ్చారు. చుక్కచుక్కగా మందు దిగుతుంటే, చల్లదనం మోచెయ్యి దాటి భుజం దాకా పాకింది. ఏదైనా మంచి విషయం తలుచుకుందామని కళ్ళు మూసుకున్నాను.

అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. దసరా సెలవులకి మేం వెళ్ళేసరికి కాలవ నిండుగా పారుతుండేది. అప్పటికి పిన్నికింకా పెళ్ళి కాలేదు. మగపిల్లలతో పందెం వేసి ఈదేది. నాకు ఈత నేర్పిందీ ఆవిడే. గడ్డం కింద అరచెయ్యి ఆన్చి, “నీళ్ళతో దెబ్బలాడకే పిల్లా, నీళ్ళ మీద పడుకో,” అనేది. రేవులో అంట్లు తోమే చింతపండు వాసన, ఒడ్డున ఆరేసిన చీరలు, తడిబట్టలతోనే తినేసిన వేడివేడి జంతికలు, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఆసుపత్రి మరిచిపోయి, మనసులోనే కాలవలోకి దిగి ఈదడం మొదలుపెట్టాను.

సగం దూరం వెళ్ళానో లేదో, కాళ్ళకి గుర్రపుడెక్క చుట్టుకుంది. నా చిన్నప్పుడు ఆ కాలవలో గుర్రపుడెక్క ఎక్కడా లేదు. మరి ఎందుకొచ్చిందో తెలీదు. ఊపిరాడలేదు. నిజంగానే ఆడలేదు. మందు పడక ఛాతీ బిగుసుకుపోయిందట. సిస్టరు కేకేస్తే డాక్టరుగారు పరుగున వచ్చి, ఎక్కే మందు ఆపి, ఇంకేదో ఇంజక్షన్ ఇచ్చారట. ఇవేవీ నాకు తెలియవు. గడ్డం కింద చల్లగా, తడిగా ఒక అరచెయ్యి ఆనింది. నాకు తెలిసింది అంతే. కాళ్ళు కొట్టుకోవడం మానేసి, నీళ్ళ మీద పడుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఆయన ఏడుస్తున్నారు. “ఆకలేస్తోందండీ,” అన్నాను. ఆ మాటకి ఆయన ఏడుస్తూనే నవ్వారు. కాసేపాగి, మిగిలిన మందు మెల్లగా ఎక్కించారు.

సాయంత్రం ఇంటి తాళం తీస్తుండగానే లోపల ఫోన్ మోగుతోంది. పిన్ని.

“ఏమే, ఒడ్డుకి చేరావా?”

ఆవిడే చెప్పుకుపోయింది. “మధ్యాహ్నం కునుకు తీస్తే కల్లోకొచ్చావే. కాలవలో ఈదుతున్నావు. గుర్రపుడెక్క కాళ్ళకి చుట్టుకుంటే ఎంత కంగారుపడ్డావో! గడ్డం పట్టుకుని తేల్చేసరికి నా పనైపోయింది. ఎంత బరువెక్కావే తల్లీ!”

తర్వాత వాళ్ళ కోడలు ఫోన్ అందుకుంది. “వదినా, అత్తయ్య కుడిచెయ్యి ఐసుముక్కలా ఉంది. కాపడం పెడుతున్నా. మిగతా ఒళ్ళంతా వెచ్చగానే ఉంది, ఏంటో మరి,” అంది.

ఎవరైనా చెప్పారేమోనని అందర్నీ అడిగాను. బందరుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చేసినా, గుర్రపుడెక్క సంగతి అప్పటికి నేను మా వారికే చెప్పలేదు.

తర్వాతి కీమోలు ఇబ్బంది లేకుండానే అయ్యాయి. జుట్టు ఊడింది, కనుబొమ్మలూ పోయాయి. ప్రతిసారీ కళ్ళు మూసుకుని కాలవ దగ్గరికి వెళ్ళేదాన్ని. జ్ఞాపకాలు వచ్చేవి గానీ, ఆ చెయ్యి మళ్ళీ రాలేదు.

అంతా అయ్యాక బందరు వెళ్ళి పిన్నికి చెప్పాం. ఆవిడ ఏడ్చింది, దాచినందుకు తిట్టింది, కొత్తగా మొలుస్తున్న నా జుట్టు నిమిరింది. ఆ రోజు ఏం జరిగింది పిన్నీ అని అడిగాను. “నాకేం తెలుసే? మునుగుతుంటే పట్టుకున్నాను,” అని కాఫీ కలపడానికి లేచింది.

పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఒకసారి డాక్టరుగారికి ఈ సంగతి చెబితే, మందుల మత్తులో అలా అనిపిస్తుందమ్మా అన్నారు. నా సంగతి సరే, అలాగే అనుకుందాం. మరి బందరులో భోంచేసి పడుకున్న మా పిన్ని ఏ మత్తులో ఉంది? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, నాకైతే తోచలేదు.